రేవు గోడ మీద గాజుల సముద్రం

మా పెద్ద టీచరమ్మ పోయారన్న కబురు బస్సు కండక్టరు తెచ్చాడు. నెల్లూరులో నేను పనిచేసే బడి గేటు ముందు బస్సు ఆపించి, దిగకుండా ఫుట్‌బోర్డు మీదే నిలబడి చెప్పాడు. మీ పాత బళ్లో పెద్ద టీచరమ్మ తెల్లారుజామున ప్రభువు దగ్గరికి పోయిందంటమ్మా, సాయంత్రం మట్టి అన్నాడు. టిక్కెట్టు చింపిచ్చే గొంతుతోనే అన్నాడు. అని, రెండు విజిళ్లు వేసి వెళ్లిపోయాడు.

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కాలవలో పడవలు తిరిగే రోజుల్లో ఇలాంటి కబురు తెచ్చినవాడు లోపలికొచ్చేవాడు. కూర్చుని మంచినీళ్లు అడిగి తాగి, అప్పుడు నోరు విప్పేవాడు. పెద్ద తుఫానుకి కాలవ పూడిపోయి పడవలు పోయాయి, వాటితో పాటు ఆ మర్యాదా పోయింది. పాపం, కండక్టరు తప్పేం లేదు. అతనికి బస్సు టయానికి నడవాలి. అదే బస్సు తిరుగు ట్రిప్పులో ఎక్కి వెళ్లాను.

చదివేవాళ్లకు ఆవిడెవరో తెలియదు. ఆవిడ పేరు రాసినా తెలియదు కాబట్టి రాయను. రేవులో ఎవరూ ఆవిణ్ణి పేరుతో పిలిచిన పాపాన పోలేదు కూడా. ఆవిడ పెద్ద టీచరమ్మ, నేను చిన్న టీచరమ్మ, అంతే. రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో నాకు అక్కడ ఉద్యోగం వచ్చింది. కృష్ణపట్నానికి ఉత్తరంగా, కాలవ మీద ఒక చిన్న రేవు. పడమట కాలవ, తూర్పున సముద్రం, నడుమ ఇసక మీద చేపలు పట్టుకుని బతికేవాళ్ల పాళెం, పాళెం చివర మిషనువాళ్ల బడి. నెల్లూరు టౌనులో పుట్టి పెరిగినదాన్ని. ట్రంకుపెట్టెతో పడవ దిగి, ఎండుచేపల వాసనకి పమిట కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. చెప్పులు చేత్తో పట్టుకుని, వట్టి కాళ్లతో ఇసకలో నిలబడి నన్ను చూసి నవ్విన మనిషి ఆవిడే.

"ముక్కు మూసుకుంటే మూసుకో తల్లీ. కళ్లు మాత్రం మూసుకోమాక" అన్నారు. ఆవిడ నాతో అన్న మొదటి మాట అది.

పొట్టి మనిషి. కళ్లద్దాలకి ఒక కాడ ఎప్పుడో ఊడిపోతే దాని బదులు వలనూలు కట్టి చెవికి చుట్టుకునేవారు. అన్నం ముందు ప్రార్థన చేసేటప్పుడు ఒక కన్ను సగం తెరిచే ఉంచేవారు. అదేమని అడిగితే, ప్రభువు అన్నీ చూస్తాడు గానీ పిల్లి వ్యవహారం మనమే చూసుకోవాల అనేవారు. భుజానికి ఎప్పుడూ ఒక గుడ్డసంచి, దాన్నిండా పెంకులు. దారిలో పింగాణీ ముక్క కనపడినా, గాజు తునక కనపడినా వంగి ఏరి, కొంగుతో తుడిచి సంచిలో వేసుకునేవారు. ఆవిడ బడికి వస్తున్నారని పిల్లలకు ఆ చప్పుడే చెప్పేది. పాళెంలో ఆడవాళ్లు టీచరమ్మకి పెంకుల పిచ్చి అని మొహం మీదే అనేవాళ్లు. ఆవిడ కాదనలేదు.

ఆ పిచ్చికి ఒక దారి దొరికింది, రేవులో పంచాయతీవాళ్లు ప్రయాణికుల కోసం పాక కట్టించినప్పుడు. పేరుకి పాకే గానీ సున్నపు గోడలు, పెంకుల కప్పు. పడమటివైపు కాలవకి తెరిపి, మిగతా మూడు దిక్కులా గోడలు. తూర్పు గోడకో కిటికీ, అందులోంచి చూస్తే గుడిసెల మీదుగా సముద్రం గీత గీసినట్టు కనపడేది. కట్టి నెల తిరక్కముందే ఆ తెల్లగోడల మీద తమలపాకుల ఉమ్మి, సబ్బుల ప్రకటనలు. ఒకరోజు మద్రాసు నుంచి సరుగుడు కట్టెల బేరానికి వచ్చిన ఆసామి పడవ దిగి, మమ్మల్నే అడిగాడు, ఇదేం ఊరు, ఇక్కడేమన్నా ఉందా అని. ఉప్పు ఉంది, చేప ఉంది అని నేను విసురుగా చెప్పి పంపించాను. ఆవిడ మాత్రం ఆ గోడ వంకే చూస్తూ నిలబడిపోయారు.

"అన్నీ ఉండాయి. కనపడేట్టు ఏదీ లేదు. రేవులో కాలు పెట్టినోడికి ఏ ఊరికొచ్చినాడో అడక్కుండానే తెలవాల" అన్నారు.

అలా మొదలైంది. పగిలిన ముక్కలతో గోడంత బొమ్మ. ఒకవైపు ఊరు, ఇంకోవైపు నడిసముద్రం, నడుమ ఇంటిదారి పట్టిన తెప్ప. ఊళ్లో గంగమ్మ గుడి ఉండాలి, మా చర్చి ఉండాలి, ఉప్పుకుప్పలు, సరుగుడు తోపు, వల బాగుచేసుకునే ఆడవాళ్లు, కాలవ అవతలి రైతుల వరిచేను, అన్నీ ఉండాలి. ఇల్లిల్లూ తిరిగి, పగిలిందేమన్నా ఉంటే ఇయ్యండి అని అడిగాం. ఇచ్చేవాళ్లకి కొదవ లేదు. కానీ ఆవిడకో పట్టు ఉండేది. ఏ ముక్క తెచ్చినా "ఎవురిది ఇది?" అని అడిగేవారు. ఎవరిదో, ఎలా పగిలిందో చెప్పందే బుట్టలో వెయ్యనిచ్చేవారు కాదు. నీలం పువ్వుల పింగాణీ ముక్క ఒక ముసలమ్మ తండ్రి బర్మాలో రంగం నుంచి మోసుకొచ్చిన పళ్లేనిది. ఊరగాయ జాడీ పెంకు, కాన్పు నొప్పుల్లో పట్టుకోబోతే జారిపడినది. గంగమ్మ గుడి కప్పు మీద నుంచి గాలికి రాలిన పెంకు, మా చర్చి దీపం చిమ్నీ ఒకే బుట్టలో పడ్డాయి. నాకు ఓపిక తక్కువ. ఒక్కో పెంకుకి ఒక్కో పురాణం వింటూ కూర్చుంటే మనం ముసలివాళ్లం అయిపోతాం అని సణిగేదాన్ని. వినేదానికే గదా వచ్చినాం అనేవారు.

మరి నీదేది టీచరమ్మా అని ఆడవాళ్లు ఆవిణ్ణి ఆటపట్టించేవాళ్లు. "నాదింకా పగల్లేదులే. పగిలిననాడు ఇస్తా" అనేవారు ఆవిడ, నవ్వుతూ.

బొమ్మలో సముద్రానికి గాజుముక్కలు కావాలి. అవి ఆడవాళ్లే తెచ్చారు. గాజు పగిలిందని అనకూడదు, పెరిగిందనాలి, ఆ మాట మాత్రం జాగ్రత్తగా అంటూ దోసిళ్లతో తెచ్చి పోశారు. అందరూ అయ్యాక ఒక మధ్యాహ్నం పోలమ్మ వచ్చింది, బడి వెనక వాకిలి నుంచి. అంతకు ముందు ఏడు ఆమె మొగుడు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వేటకి పోయాడు. తెప్ప మీద తమ్ముడొక్కడే తిరిగొచ్చాడు. ఆ తరువాత పోలమ్మ ఎవరింటి ముందువాకిలీ తొక్కలేదు. కొంగుముడి విప్పి ఆకుపచ్చ గాజుముక్కలు చూపింది. పెద్ద టీచరమ్మ ఎప్పటిలాగే అడిగారు, ఎవరివని.

"నాయే. ఆ దినం గట్టున పగలగొట్టినయ్యి. సముద్రంలో కలపమన్నారు గానీ నాకు మనసొప్పలేదు. ఏరి దాచుకున్నా" అంది పోలమ్మ.

విధవరాలి చేతి గాజులు ఎవరైనా ఇంట్లో ఉంచుకుంటారా? పెద్ద టీచరమ్మ వాటిని ఒక్కొక్కటే కొంగుతో తుడిచారు. తెరచాపకి ఆకుపచ్చ చాల్లేదనుకుంటుండాను అంటూ బుట్టలో వేశారు. ఆ తరువాత ఆ ముక్కలు ఎవరివని అడిగినవాళ్లకి ఎవరివో చెప్పారు. దాచలేదు. ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారే గానీ, టీచరమ్మ మొహం చూసి ఊరుకున్నారు.

నిలువు గోడ మీద ముక్కలు అతకడం మాలో ఎవరికీ చేతకాదు. నేల మీద కూర్చుని ముగ్గు పెట్టడం, వల అల్లడం అయితే పుట్టుకతో వచ్చిన పని. అందుకని ఆవిడ, నెల్లూరు నుంచి వచ్చిన గచ్చు మేస్త్రి కలిసి ఉపాయం ఆలోచించారు. గట్టున తడి ఇసకలో చట్రాలు మూడు దింపారు, ఊరికొకటి, తెప్పకొకటి, సముద్రానికొకటి. ముక్కల్ని మొహం కిందికి పెట్టి ఇసకలో అద్దాలి. వెనక నుంచి బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపిన గానుగ సున్నం పొయ్యాలి, నడుమ వెదురు బద్దలు పరచాలి. బిగిశాక పలకని తిరగేస్తే బొమ్మ పైకి వస్తుంది. పాళెం ఆడవాళ్లంతా చట్రాల చుట్టూ కూర్చుని, ముగ్గు పెట్టినట్టే పెట్టారు. ఇసకలో పెంకుల వీపులే కనపడేవి, రంగూ లేదు రూపూ లేదు. నిజం చెప్పొద్దూ, ఇది బొమ్మవుతుందని నాకు నమ్మకం లేదు. తాటాకులు కప్పి సున్నం బిగిసేదాకా కాచుకున్నాం.

తిరగేసిన రోజు నా కళ్లలో నుంచి ఇప్పటికీ పోలేదు. తెప్పల్ని గట్టెక్కించినట్టే మోకులు కట్టి, కొయ్యలు దూర్చి, మగవాళ్లంతా హైలెస్సా అంటూ లేపారు. ఇసక జలజలా రాలింది. పెద్ద టీచరమ్మ బిందెతో సముద్రం నీళ్లు తెచ్చి తన చేత్తోనే పోశారు. ఆ నీళ్లు జారుతుంటే కింద నుంచి ఎరుపు, పచ్చ, నీలం లేచి వచ్చాయి. అమ్మో! మా పాళెం. మా ఇంటి పెంకులు, మా చేతి గాజులు, మేం పారెయ్యబోయినవి, అవే. గుడి గుడిలాగే ఉంది, చర్చి చర్చిలాగే ఉంది, నీళ్లు నీళ్లలాగే కదులుతున్నాయి. రంగం పళ్లెం ముసలమ్మ తన నీలం పువ్వు ముక్కని వేలితో తాకి, చేతులు జోడించింది. పక్కన చూస్తే పెద్ద టీచరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు, తుడుచుకుంటూనే ఉన్నారు.

పలకల్ని మోసుకొచ్చి పాకలో ఉత్తరపు గోడకి ఆనించారు. ముందే అనుకున్న వరస అది. ఎడమ పక్క ఊరు, నడుమ తెప్ప, కుడిపక్క సముద్రం. ఆ గోడకి ఎదురుగా నిలబడితే కుడిచేతివైపు తూర్పు, అంటే నిజం సముద్రమూ అటే. అంతా సరిపోయిందనుకుని వెనక్కి జరిగి చూశాం.

తెప్ప ఊరికి వీపు చేసి, నడిసముద్రం వైపు పోతోంది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. ఇంటికి వస్తున్నట్టు పెట్టిన తెప్ప ఎలా తిరిగింది? అప్పుడు వెనక నుంచి ఒక ఆడగొంతు అంది, ముండగాజులు తెరచాపకి కడితే తెప్ప ఇంటికొస్తుందా అని. అంతే, నిప్పంటుకున్నట్టయింది. పాళెం కట్టుబాట్లు చూసే పెద్దకాపు ముందుకొచ్చాడు. చెడ్డమనిషి కాదు, కానీ వేటకి పోయే ప్రతి మగవాడికీ ఆయనే జవాబుదారీ. ఆ గాజులు పెకలించేదాకా పాళెంలో ఒక్క తెప్ప కూడా నీళ్లు తాకేది లేదని చెప్పేశాడు. మేస్త్రి ఉలి తీశాడు. దానికన్నా ముందు పోలమ్మే లేచింది. చేపలు కోసే కత్తి పట్టుకుని, నా పీడ నేనే తీసుకుంటా అని ఏడుస్తూ పలక మీదికి వంగింది. ఆ పచ్చముక్కలు పోతే ఆమెకి మొగుడి గుర్తు అంటూ ఇంకేమీ మిగలదు. అది మా అందరికీ తెలుసు. ఒక్కరం కూడా కదల్లేదు.

పెద్ద టీచరమ్మ వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"కూర్చో పోలమ్మా. తెప్పని తిప్పింది నేను, నీ గాజులు కాదు. మొహం కిందికి పెట్టి తిరగేస్తే ఎడమది కుడికొస్తుందని నాకు తోచలా. దినామూ అద్దంలో మొహం చూసుకుంటా ఉండి కూడా తోచలా" అన్నారు. పెద్దకాపు వైపు తిరిగి, తప్పు నాది, నాక్కొంచెం టయమియ్యి అబ్బయా అని అడిగారు.

ఆవిడ పాక నడుమ నేల మీద చతికిలబడ్డారు. పలకల్ని చూశారు. కిటికీలోంచి సముద్రం చూశారు, కాలవ చూశారు. మళ్లీ పలకల్ని చూశారు. బొమ్మ పోతే పోయింది, ఈ మనిషి మొహం ఎలా చూడాలా అని నా బెంగ. చాలాసేపటికి లేచి, ఉత్తరపు గోడకి వీపు పెట్టి, ఎదురు గోడ వంక చూస్తూ చేతులు రెండూ చాపారు, ఎడమచెయ్యి సముద్రం వైపు, కుడిచెయ్యి కాలవ వైపు. అలా నిలబడి నవ్వారు. ఆ పొట్టి మనిషి నాకు ఆ క్షణాన పాక కప్పుకి తగిలేంత ఎత్తు కనిపించింది.

"మేస్త్రీ, మూడు పలకలూ ఈ గోడకి మార్చు. సముద్రం ఎడమకి, ఊరు కుడికి" అన్నారు.

మార్చారు. దక్షిణపు గోడకి ఎదురుగా నిలబడితే తూర్పు ఎడమచేతివైపు వస్తుంది కదా. బొమ్మలో సముద్రం నిజం సముద్రం వైపే ఉంది, బొమ్మలో ఊరు దాని పక్కనే ఉంది. నడుమ తెప్ప, ఆకుపచ్చ తెరచాప నిండా గాలి పోసుకుని, ఊరివైపు మొహం పెట్టింది. పలకల్లో ఒక్క పెంకు కదల్లేదు. గోడ మారిందంతే. పెద్దకాపు దగ్గరికి వెళ్లి చూశాడు. కిటికీలోంచి బయటికి చూసి, మళ్లీ బొమ్మ చూశాడు. ఆయన నలభై ఏళ్లుగా నీళ్ల మీద దిక్కులు చూసుకున్న మనిషి. అందరం ఆయన నోటి వంకే చూస్తున్నాం.

"దిక్కు సరిగానే ఉండాది. వస్తుండాది" అన్నాడు. అని, పోలమ్మ చేతిలో కత్తి తనే తీసుకుని గూట్లో పెట్టాడు. గాజుల మాట మళ్లీ ఎత్తలేదు. తెల్లారి తెప్పలు ఎప్పటిలాగే వేటకి పోయాయి.

ఆ తరువాత జరిగింది మేం ఎవరం అనుకోనిది. సందులు పూడ్చడానికి మేస్త్రి ఇంకా సున్నం మెదుపుతుండగానే, పాళెంలో మొగుళ్లు లేని ఆడవాళ్లు ఒకరి తరువాత ఒకరు వచ్చారు. వెనక వాకిలి నుంచి కాదు, రేవు బాట వెంట, అందరూ చూస్తుండగా. తెగిన పూసల తాడులో పూస ఒకరు, అద్దం ముక్క ఒకరు, ఎప్పటివో నలుపెక్కిన గాజులు ఒకరు. పెద్ద టీచరమ్మ గడప దగ్గర కూర్చుని ప్రతి ఒక్కరినీ అడిగారు, ఎవరిదని. వాళ్లు తమ మొగుళ్ల పేర్లు చెప్పారు. మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో చెప్పరు. ఆ రోజు చెప్పారు. ఆ ముక్కలన్నీ తెప్ప చుట్టూ అలల్లో పెట్టారు. అప్పటి నుంచి పడవ దిగిన ఏ బేరగాడూ ఇదేం ఊరని అడగలేదు. సామాను కింద పెట్టి, నోరు తెరుచుకుని గోడ చూసేవాడు. వేటకి పోయే కుర్రాళ్లు ఒక్కసారి ఆ తెప్పని తాకి పోయేవాళ్లు.

పెద్ద తుఫానుకి పాక కప్పు లేచిపోయింది. కాలవ పొంగి గోడ సగం మునిగింది. నీళ్లు తీసిన రోజు ఆవిడ మోకాలిలోతు బురదలో నడుచుకుంటూ వెళ్లి, గోడని కొంగుతో తుడిచారు. ఒక్క ముక్క ఊడలేదు. నేను నెల్లూరికి బదిలీ అయిపోయాక పండగలకి పోస్టు కార్డు రాసేదాన్ని. జవాబులో ఎప్పుడూ ఒకటే, గోడ క్షేమం, పిల్లి క్షేమం అని.

మట్టికి పాళెమంతా వచ్చింది. చర్చివాళ్లు కీర్తనలు పాడారు, గంగమ్మ గుడి పూజారి గుంటలో మట్టిగడ్డ వేశాడు. నాకు అక్కడ నిలవబుద్ధి కాలేదు. నడుచుకుంటూ రేవుకి పోయాను. పడవలు లేవు, మనుషులు లేరు. తుఫాను తరువాత కప్పిన తాటాకు కప్పు కింద గోడ ముందు ఒక్క పోలమ్మ ఉంది. తల నెరిసింది. చేతిలో కొబ్బరిచిప్ప, చిప్పలో తడి సున్నం. ఆఖరి రోజున పెద్ద టీచరమ్మ చేతిలో నుంచి కళ్లద్దాలు జారి పడ్డాయట. ఆవిడ చెల్లెలి కూతుర్ని అడిగి ఆ పగిలిన అద్దం పోలమ్మ తెచ్చుకుంది. కొంగుతో తుడిచి నాకు చూపించింది.

"పగల్లేదు పగల్లేదంటా ఉండె గదా. ఇదో, పగిలినాది" అంది.

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. కండక్టరు కబురు తెచ్చిన దగ్గర నుంచి లోపల కూరుకుపోయిందంతా వచ్చింది. పోలమ్మ నన్ను ఏడవనిచ్చింది. తను ఊరి బొమ్మ దగ్గరకి జరిగి, గట్టు చివర, నీళ్లంచున, వేలితో జాగా వెతికింది. నేను కళ్లు తుడుచుకుని, అక్కడెందుకు, చర్చి పక్కన పెట్టరాదా అన్నాను.

"ఊహూఁ, గట్టునే ఉండనీ. తెప్ప వస్తుంటే ఎదురు చూసేదానికి ఎవురో ఒకరు ఉండాల గదా" అంది.

పెట్టి, బొటనవేలితో నొక్కి పట్టుకుంది, సున్నం పట్టేదాకా. పొద్దు వాలింది. పూడినంత పూడగా కాలవలో మిగిలిన నీళ్ల మీద ఎండ పడి, ఆ వెలుతురు పాకలోకి వచ్చి గోడ మీద అల్లల్లాడింది. గాజుల సముద్రం కదిలింది. తెరచాప పచ్చగా వెలిగింది. పోలమ్మ వేలు తీసింది. గట్టు మీద ఆ చిన్న అద్దం తెప్ప వైపు చూస్తూ ఉంది.